పై గదికి పోయే పాలు

పెద్ద డాక్టరు పాలడబ్బాని రెండు వేళ్లతో పట్టుకుని గాల్లోకి ఎత్తాడు, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు. వెనకాల తెల్లకోట్ల గుంపు గంగిరెద్దుల్లా తలలూపింది. అంతా డాక్టరీ చదువుతున్న వాళ్లే. ఆయన తుమ్మినా రాసుకునే రకం.

"ఈవిడకి ఏ రోగమూ లేదు. కాన్పు మామూలుగానే అయింది. తింటోంది, తిరుగుతోంది. అయినా బిడ్డకి డబ్బా. ఎందుకో ఎవరైనా చెప్పగలరా?"

ఆయన ప్రశ్నకి జవాబు ఆయనే చెప్పుకోవాలి, అది ఆ ఆస్పత్రిలో రివాజు.

"బద్ధకం," అన్నాడు. "పాలు లేని తల్లి ఉండదు. ఇవ్వాలన్న మనసు లేని తల్లి ఉంటుంది."

ఈ మాట ఆయన సొంత సరుకు. ఆస్పత్రిలో ఏ గోడ చూసినా ఆయన ఫొటో, ఫొటో కింద ఈ మాట. మెట్ల దగ్గర ఉంది, మందుల కొట్టు దగ్గర ఉంది, ఆఖరికి మరుగుదొడ్డి తలుపు మీద కూడా ఉంది. అక్కడికి పాలిచ్చే పని మీద ఎవరు వెళ్తారో ఆయనకే తెలియాలి.

మంచం పక్కన టైలరమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. వార్డులో ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది. నొప్పులొచ్చి ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా మెడలోంచి కొలతల టేపు తీయడం మర్చిపోయిన మనిషి. గౌను లోపల రెండు పక్కలా తనే కుట్టుకున్న గుడ్డమెత్తలు పెట్టుకుంది. అవి తడిసిపోయి తడి పైకి పాకుతోంది. భుజం మీది తువ్వాలు కిందకి లాక్కుంది. అంత అవసరమేం లేదు, ఆయన ఆమెని చూస్తేగా. ఆయన చూపంతా ఆమె కొడుకు ముడ్డిగుడ్డ మీదే ఉంది.

గుడ్డ విప్పించాడు. రంగు చూడమన్నాడు, గట్టిదనం చూడమన్నాడు, వాసన చూడమన్నాడు. తెల్లకోట్లు వంతులవారీగా వంగి ముక్కులు పెట్టారు. తల్లిపాలు తాగే బిడ్డ పేగుల్లో ఒక జాతి మంచి సూక్ష్మజీవులు ముందుగా కాపురం పెట్టి, చెడ్డవాటికి చోటివ్వవట. డబ్బా తాగే బిడ్డ కడుపు సంతలాంటిదట, ఎవడు పడితే వాడు దూరిపోతాడట. "ఇదిగో, సంత," అని పసివాడి పొట్ట మీద వేలితో టకటకా కొట్టాడు. ఒకడు కిసుక్కున నవ్వాడు.

ఆయన వెనకాలే వార్డు నర్సు నిలబడి ఉంది. ఆమె చేతిలో మడిచిన తువ్వాలు, తువ్వాల్లో చిన్న స్టీలు ఫ్లాస్కు. అందులో ఉన్నవి అప్పుడే పిండిన టైలరమ్మ పాలు. అవి మేడ మీదికి, పెద్ద డాక్టరుగారి సొంత మనవరాలికి వెళ్తున్నాయి. నర్సు టైలరమ్మ వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది, అక్కడేదో వింత జరుగుతున్నట్టు.

పోతూ పోతూ డాక్టరు ఉయ్యాలకి ఎర్రచీటీ తగిలించమన్నాడు. డబ్బా పిల్లలకి ఎరుపు, తల్లిపాల పిల్లలకి పసుపు. ఆయనేదో పెద్ద పరిశోధన చేస్తున్నాడు మరి.

ఆ గుంపు అటు వెళ్లగానే అత్త స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది. కోడలు మాట పడినందుకు బాధపడుతుందనుకుంటే పొరపాటు. కిమ్మనకుండా ఊరుకున్నందుకు కోడల్ని మెచ్చుకుంది. యూనిఫారాల పని చేతికొచ్చేదాకా ఆయన తిట్టినా, కొట్టినా, నెత్తినెక్కి తైతక్కలాడినా నోరు మెదపొద్దంది. "మాటలకేముందే, ఒంటికి అంటుకుంటాయా," అని తన చీర కొంగు దులుపుకుని చూపించింది.

ఆ యూనిఫారాల సంగతి ఇదీ. ఆస్పత్రిలో నర్సులు, ఆయాలు, వంటవాళ్లు, వాచ్‌మన్లు అందరి బట్టలూ ఇక మీదట టైలరమ్మే కుట్టేలా చూస్తానని డాక్టరుగారి భార్య మాటిచ్చింది. ఆవిణ్ని అందరూ మేడమ్ అంటారు. డాక్టరుగారు గోడల మీద ఫొటోలకి, మేడమ్ మిగతా అన్ని పనులకీ. వీధి చివర మెట్ల కింద మిషను పెట్టుకుని చిరుగులకి అతుకులు వేసుకునే మనిషికి అదెంత పెద్ద పనో చెప్పక్కర్లేదు. మొగుడు లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు, వచ్చినప్పుడే వచ్చినట్టు.

మొదట్లో ఇది ఇంతలా లేదు. పుట్టగానే బిడ్డకి పచ్చకామెర్లని నీలం దీపం కింద పెట్టారు. వాడు నిద్రమత్తులో ఉండి సరిగా తాగేవాడు కాదు. టైలరమ్మకి పాలు పొంగిపొర్లి, పిండి పారబోసుకునేది. అప్పుడే మేడమ్ మంచం దగ్గరికొచ్చి, వెన్న పూసిన మాటలతో, ఎలాగూ పారబోస్తున్నావు కదమ్మా అంది. మా అమ్మాయికి ఇంకా పాలు పడలేదు, రేపోమాపో పడతాయి, నీ కాన్పప్పుడు చేసిన రక్తపరీక్షలు నేనే చూశాను, అన్నీ బాగున్నాయి, అంది. ఒక్క విషయం మాత్రం డాక్టరుగారి చెవిన పడకూడదంది. పాలు లేని తల్లి ఉండదని లోకమంతా చాటుతున్న మనిషి ఇంట్లోనే, అదీ సొంత కూతురికే లేవంటే ఆయన తల కొట్టేసినట్టయిపోదూ.

సరే, పారబోసేవే కదా అనుకుంది టైలరమ్మ. తర్వాత కొడుకు దీపం కిందినించి బయటికొచ్చాడు, ఆకలి తెలిసింది, పాలు లాగడం నేర్చుకున్నాడు. కానీ పైన మనవరాలికీ ఆకలి పెరిగింది. ముందు మిగిలినవి పైకి వెళ్లేవి. తర్వాత ముందువే పైకి వెళ్లి, మిగిలినవి కిందుండేవి. తర్వాత కింద ఏమీ మిగల్లేదు. ఓ పొద్దున్న మేడమ్ స్వయంగా పాలడబ్బా తెచ్చి, నాలుగు రోజులు సర్దుకోమ్మా అని, యూనిఫారాల గుడ్డ నమూనా ముక్క పక్క మీద పెట్టింది. లేతనీలం రంగు, గట్టి నేత. టైలరమ్మ ఆ ముక్కని వేళ్ల మధ్య నలిపి చూసింది, ఉతికితే ముడుచుకోని రకం. డబ్బా వద్దని చెప్పడానికి నోరు రాలేదు.

పిండడం కూడా ఒక పనే, ఆమె దాన్ని పనిలాగే చేసేది. స్టీలు గిన్నె మరిగే నీళ్లలో ముంచి తీసేది. చేతులు మోచేతులదాకా కడుక్కునేది. బొటనవేలూ చూపుడువేలూ నల్లటి వలయం అంచున పెట్టి, లోపలికి నొక్కి, ముందుకు దొర్లించేది. సూదిలో దారం ఎక్కించే వేళ్లకి అదేమంత కష్టం కాదు. సన్నటి ధారలు గిన్నె అంచుకి తగిలి చిటపటమనేవి. అదే సమయానికి పక్క ఉయ్యాల్లో కొడుకు గుప్పెళ్లు బిగించి ఏడ్చేవాడు, అత్త వాడి నోట్లో సీసా కుక్కేది. వాడి ఏడుపు వినగానే పాలు ఇంకా జోరుగా వచ్చేవి. ఒంటికి సిగ్గు లేదు, అది వాడి కోసమే అనుకుంటోంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ నించి సీసాల ఆవిడ వచ్చింది. ముడ్డిగుడ్డలోంచి చిన్న చెంచాతో కాస్త తీసి, గాజుసీసాలో వేసి, మూత బిగించి, ఐసుపెట్టెలో పెట్టుకుపోవడం ఆవిడ పని. మొహం చిట్లించకుండా, ఇంట్లో పప్పులడబ్బా సర్దుకున్నట్టు చేసుకుపోతుంది. టైలరమ్మకి ఆవిడంటే గౌరవం. చేతిపని నీటుగా ఉన్నవాళ్లంటే ఆమెకి మొదటినించీ గౌరవమే.

డబ్బా తాగితే బిడ్డ నిజంగా పాడైపోతాడా అని అడిగింది. సీసాల ఆవిడ నవ్వి, తనూ డబ్బా పాలతో పెరిగినదాన్నేనంది. పాలు పడనివాళ్లుంటారు, మందులు వాడేవాళ్లుంటారు, డబ్బా లేకపోతే వాళ్ల పిల్లలు ఏమైపోవాలి అంది. అయితే తేడా మాత్రం ఉందట. తల్లిపాలల్లో ఒక రకం చక్కెరలుంటాయి, అవి బిడ్డకి అరగవు.

"అరగనివాటిని ఒళ్లెందుకు తయారుచేస్తుందండీ?"

"బిడ్డ కోసం కాదు. బిడ్డ పేగుల్లో ఉండే ఆ మంచి సూక్ష్మజీవుల కోసం. బిడ్డకి పెడుతూ, బిడ్డ ఇంటికొచ్చిన చుట్టాలక్కూడా కలిపి వండుతుందన్నమాట మీ ఒళ్లు."

సీసాల ఆవిడ ఐసుపెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. టైలరమ్మ అలాగే కూర్చుండిపోయింది. పాలంటే ఆకలి తీర్చేవని తెలుసు, బలమని తెలుసు. వాడికి తెలియకుండా, తనకీ తెలియకుండా, కంటికి కనిపించని ప్రాణులకి కూడా తన ఒళ్లు విడిగా వంట చేస్తోందని ఇప్పుడే తెలిసింది. ఆ వంటంతా తీసుకెళ్లి మేడ మీద వడ్డిస్తోంది తను. దేనికోసం? లేతనీలం గుడ్డముక్క కోసం. తన మీద తనకే అసహ్యం వేసింది. డాక్టరు మీద వేసినదానికంటే ఎక్కువే వేసింది.

సాయంత్రం నర్సు వచ్చి, పాప సీసా నోట పెట్టుకోవడం లేదు, పైకి రమ్మంటున్నారు అంది. టైలరమ్మ మేడమెట్లెక్కడం అదే మొదటిసారి.

పై గదిలో మంచం మీద డాక్టరుగారి కూతురు కాళ్లు ముడుచుకుని కూర్చుంది. జుట్టు చిక్కులు పడి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. పట్టుబట్టలు కట్టుకుని కాలు మీద కాలేసుకున్న మహారాణిని ఊహించుకుని, నాలుగు మాటలు మనసులో కూర్చుకుని వెళ్లిన టైలరమ్మకి ఆ మాటలు అక్కరకు రాలేదు. మంచానికి ఎదురుగా గోడ మీద తండ్రి ఫొటో, దాని కింద ఆ మాట. కూతురు దాని మీద తడి తువ్వాలు ఆరేసింది.

టైలరమ్మ పాపని ఒళ్లోకి తీసుకుంది. పాప రెండుసార్లు మూతితో తడుముకుని టక్కున పట్టుకుంది. గుటకలు గదంతా వినిపించాయి.

"దానికి మీ పాల వాసనే తెలుసక్కా," అంది కూతురు. "నేను ఎత్తుకుంటే మొహం తిప్పుకుంటోంది. మాత్రలు మింగాను, మిషను పెట్టుకున్నాను, నెత్తురొచ్చింది గానీ పాలు రాలేదు. నాన్నతో చెబుదామంటే అమ్మ చెప్పనివ్వదు."

ఆ పిల్ల మీద జాలి వేసింది టైలరమ్మకి. అలా వేసినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. జాలిపడుతూ కూర్చుంటే కింద కొడుకు నోట్లో అత్త సీసా కుక్కుతూనే ఉంటుంది.

మేడమ్ మాత్రం హడావిడిగా ఉంది. రేపు పొద్దున్న వేరే ఆస్పత్రుల నించి పెద్ద పెద్ద డాక్టర్లొస్తున్నారట. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి, వాళ్ల కడుపుల్లోని తేడా చూపిస్తారట పెద్ద డాక్టరుగారు. పసుపుచీటీకి మనవరాలు. ఎర్రచీటీకి నీ కొడుకు, ఏమనుకోకమ్మా, అంది, పిల్లాడి చొక్కా కాసేపు అరువు అడిగినంత తేలిగ్గా. ఒక్క గంట పనే, అయిపోగానే యూనిఫారాల కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించే పూచీ నాదంది.

టైలరమ్మ పాపని వదిలించి కూతురి చేతికిచ్చింది. సరేననలేదు, కాదనలేదు. మేడమ్ దాన్ని సరే కిందే జమకట్టుకుంది. జవాబు వినే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

* * *

పొద్దున్నే నర్సు ఫ్లాస్కుతో వచ్చేసరికి టైలరమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని కొడుకుకి పాలిస్తోంది. వాడికి మొదట పట్టు దొరకలేదు. రబ్బరు పీకకి అలవాటుపడ్డ నోరు జారిపోతూ వచ్చింది, వాడికి కోపమొచ్చి మొహం కందిపోయింది. ఆమె ఓపిగ్గా వాడి తల వెనక చెయ్యి పెట్టి, కింది పెదవిని వేలితో వంచి మళ్లీ మళ్లీ పట్టించింది. ఆఖరికి పట్టుకున్నాడు. పట్టుకుని, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే అన్నట్టు తల్లి మొహంలోకి గుడ్లు మిటకరించి చూశాడు.

ఇవాళ పైకి పాలు లేవు అంది నర్సుతో.

నర్సు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె పరిగెత్తిన కాసేపటికే మేడమ్ దిగొచ్చింది. ముందు బతిమాలింది, తర్వాత పళ్లు నూరింది. పాప ఆకలితో ఉంది, ఇంకాసేపట్లో పెద్దమనుషులొస్తారు, ఇప్పుడా నీ అలకలు అంది. చివరికి యూనిఫారాల మాట ఎత్తింది.

"వాటిని ఇంకెవరైనా కుడతార్లెండి మేడమ్," అంది టైలరమ్మ.

అత్త నెత్తి బాదుకుంది. చేతికందిన కూడు కాలదన్నుకుంటోందని, దీనికి పిచ్చెక్కిందని, కాస్త టైమిస్తే తను నచ్చజెబుతానని మేడమ్ వెంట తలుపుదాకా వెళ్లింది. ఈలోగా వరండాలో బూట్ల చప్పుడైంది.

పెద్ద డాక్టరు కొత్తకోటు వేసుకున్నాడు. టైలరమ్మ కళ్లు ఊరుకోవు కదా, కుడిభుజం కుట్టు ఎగుడుదిగుడుగా ఉందని పట్టేసింది. వెంట అరడజను మంది పెద్ద డాక్టర్లు, వాళ్ల వెనక తెల్లకోట్ల గుంపు. గోడకి పెద్ద అట్ట తగిలించారు. దాని మీద రెండు గుండ్రాలు, ఒక్కో బిడ్డ కడుపులోని సూక్ష్మజీవుల లెక్క ఒక్కోటి. ఒకటి దాదాపు అంతా పసుపు, అక్కడక్కడ చుక్కలు. రెండోది అన్ని రంగులూ కలిసిన గందరగోళం. కొడుకుని ఉయ్యాలతో సహా లాక్కెళ్లి రెండో గుండ్రం కింద పెట్టారు. మనవరాలి ఉయ్యాల మొదటి గుండ్రం కిందికొచ్చింది. పక్కన కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టారు. తలదువ్వి, మొహానికి పౌడరు కూడా అద్దారు.

పెద్ద డాక్టరు ఉపన్యాసం అందుకున్నాడు. పసుపు గుండ్రాన్ని చూపించి ఇది మా ఇంటి బిడ్డ, ఇది మా అమ్మాయి పట్టుదల అన్నాడు. రెండో గుండ్రం మీద బెత్తం ఆడించి, ఇది బద్ధకం చేసిన పని అన్నాడు. ఎవరి బద్ధకమో అందరికీ తెలియాలని టైలరమ్మ మంచం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. పెద్దమనుషులు అటు చూసి జాలిగా పెదవి విరిచారు.

అంతలో మనవరాలు ఏడుపు లంకించుకుంది. మామూలు ఏడుపు కాదు, ఆకలేడుపు. ఆయన ముచ్చటగా నవ్వి, సిగ్గుపడక్కర్లేదమ్మా, వీళ్లంతా డాక్టర్లే, ఇక్కడే పాలివ్వు, చూడనీ అన్నాడు. కూతురు కదల్లేదు. ఆయన మళ్లీ అన్నాడు. ఆ పిల్ల పాపని ఎత్తుకుంది. పాప మొహం పక్కకి తిప్పుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. మేడమ్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆయన నవ్వు మొహం మీదే ఉంది గానీ బిగుసుకుపోయింది.

టైలరమ్మ మంచం దిగింది. అందరి మధ్యలోంచి వెళ్లి, కూతురి చేతుల్లోంచి పాపని అందుకుని, పక్క కుర్చీలో కూర్చుని తువ్వాలు కప్పుకుంది. పాప తడుముకోకుండా పట్టుకుంది. ఏడుపు తెగిపోయింది. గుక్క గుక్కకీ గొంతులో టక్‌టక్‌మని చప్పుడు.

"ఏంటిది," అన్నాడు డాక్టరు. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"ఇన్నాళ్లూ తాగింది ఇవేనండీ," అంది టైలరమ్మ. "ఆ పసుపు గుండ్రం నా పాలది. బద్ధకం చేసిన పని అన్నారే, అది మీ మేడమ్ ఇచ్చిన డబ్బాది."

పెద్దమనుషుల్లో ఒకాయన అట్ట వంక చూశాడు, తర్వాత పాప వంక చూశాడు, తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. పెద్ద డాక్టరు సామాన్యుడు కాదు. తల్లకిందులుగా పడేసినా కాళ్ల మీద నిలబడే మనిషి. గొంతు సవరించుకుని, చూశారా, ఈవిడకి పాలున్నాయి, పాలు లేని తల్లి ఉండదని నేను మొదటినించీ మొత్తుకుంటున్నది ఇదే కదా అన్నాడు. అనడమే ఆలస్యం, తెల్లకోట్లలో ఒకడు దాన్ని రాసుకున్నాడు కూడా.

"నాకు లేవు నాన్నా," అంది కూతురు.

పెద్దగా అనలేదు. కానీ గదిలో అందరికీ వినిపించింది.

అటు ఉయ్యాల్లో కొడుకు కదిలాడు. పొద్దున తాగిన సగంపాలు సరిపోలేదేమో, గుప్పెట నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. టైలరమ్మ చిటికెనవేలు పాప నోటి మూలలో దూర్చి పట్టు విడిపించింది. పాప పెదవుల మీద పాలు మెరుస్తున్నాయి. లేచి, పాపని తీసుకెళ్లి తాతగారి చేతుల్లో పెట్టింది. ఆయన పట్టుకోక తప్పింది కాదు.

"ఇంక ఇవి మావాడివండీ," అంది.

కొడుకుని ఎత్తుకుని తన మంచం దగ్గరికి వెళ్లింది. పాప తాత చేతుల్లో మళ్లీ రాగం అందుకుంది. ఆయన కోటు మీద పాల మరక పాకుతోంది. ఎలా ఊపాలో తెలియక ఆ మనిషి బరువైన పెట్టె మోస్తున్నట్టు నిలబడ్డాడు. కొన్ని వేలమంది పసిపిల్లల్ని చూసిన డాక్టరు.

కూతురు లేచింది. టైలరమ్మ మంచం పక్కనున్న పాలడబ్బా తీసుకుంది, అడగలేదు, టైలరమ్మ తలూపింది. నర్సు చేతిలోంచి మరిగించిన నీళ్లు పోసిన సీసా అందుకుని, డబ్బా మూత తీసి, లోపలున్న చెంచా పైకి తీసింది. అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"ఎన్ని చెంచాలు వెయ్యాలి నాన్నా?"

పాప ఏడుస్తోంది. పెద్దమనుషులంతా ఆయన మొహం వంకే చూస్తున్నారు.

"చెప్పు నాన్నా, ఆకలేస్తోంది దానికి."

"రెండు," అన్నాడు పెద్ద డాక్టరు. "చెంచా తల కొట్టి, సమంగా వెయ్యి."